పావు మైలు కారులో పెట్రోలు పైపు

డ్రాగ్ రేసు అంటే మామూలుగా పావు మైలు, మన లెక్కలో 402 మీటర్లు. నిలబడ్డ చోటి నుంచి బయల్దేరి అవతలి గీతను ముందు ఎవరు దాటితే వాళ్లదే గెలుపు. బాగా తయారైన కారుకు అది పది సెకన్ల పని. ఆ పది సెకన్ల కోసం ఇంజనుకూ గేరుబాక్సుకూ టైర్లకూ లక్షలు పోసేవాళ్లే, వెనక ట్యాంకు నుంచి ముందున్న ఇంజను దాకా ఇంధనం మోసే పైపు దగ్గరికి వచ్చేసరికి అప్పటికి దొరికిందేదో బిగించేస్తుంటారు. కాస్త శ్రద్ధ ఉన్నవాళ్లు మాత్రం అల్యూమినియమా, స్టెయిన్‌లెస్ స్టీలా, స్టీలు అల్లిక హోసా, టెఫ్లానా, నైలానా అని అడుగుతారు. ఒక్కొక్క పదార్థానికీ అభిమానులున్నారు, ఒక్కొక్కరి దగ్గరా బలమైన కారణాలూ ఉన్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: కారు మొత్తానికి ఒకటే పదార్థం ఏదని వెతకడంలోనే పొరపాటుంది. పైపును మొదట నిర్ణయించేది దానిలో పారే ఇంధనం. ఆ తర్వాత చూడాల్సింది, పైపు వెళ్లే దారిలో ఏ చోట ఏది కదులుతుంది, ఏది కాలుతుంది, ఏది పగిలితే ఎటు ఎగురుతుంది అన్నది. ఈ రెండు లెక్కలూ వేసుకుంటే పదార్థం దాదాపు దానంతట అదే తేలుతుంది, అదీ ఒక్కో చోట ఒక్కోటిగా.

ముందు పైపు చేయాల్సిన పని ఎంతో చూద్దాం. పెట్రోలు ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు అర పౌను ఇంధనం తాగుతుంది. వెయ్యి హార్స్‌పవర్ ఇంజనుకు ఇది గంటకు సుమారు 227 కిలోలు, అంటే నిమిషానికి ఐదు లీటర్లు. అదే ఇంజనుకు మిథనాల్ పోస్తే లెక్క రెట్టింపు దాటిపోతుంది. ఒక పాలు పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 పాళ్లు చాలు. అంతే గాలికి రెండింతలకు పైగా మిథనాల్ అందించాలన్నమాట. నైట్రోమిథేన్‌తో పరుగెత్తే టాప్ ఫ్యూయల్ కార్ల సంగతి వేరే లోకం. వాటి పంపు నిమిషానికి 380 లీటర్ల దాకా తోడగలదు, టైర్లు వేడెక్కించే బర్నౌట్‌తో కలిపి ఒక్క పరుగుకు సుమారు 50 లీటర్లు ఖర్చవుతాయి. దీనికి త్వరణం తోడవుతుంది. పది సెకన్లలో 402 మీటర్లు దాటే కారు సగటు త్వరణం భూమ్యాకర్షణలో 0.8 వంతు. బయల్దేరే గీత వదిలిన మొదటి క్షణాల్లో అది ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. అప్పుడు మూడు మీటర్ల పైపులో నిండి ఉన్న పెట్రోలు తన బరువుతో తానే వెనక్కి నొక్కుతుంది. ఆ నొక్కుడు లెక్కగడితే చదరపు అంగుళానికి ఐదు పౌన్లకు కొద్దిగా తక్కువ. కార్బ్యురేటరుకు కావలసిన పీడనం ఏడు పౌన్లే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అందుకే వెనక ట్యాంకు ఉన్న కారులో పంపు ఎక్కువ పీడనంతో నెడుతుంది, రెగ్యులేటరును కార్బ్యురేటరు పక్కనే పెట్టి అక్కడ తగ్గిస్తారు. టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్‌లో ట్యాంకు కారు ముక్కులో ఉండడం వల్ల అదే త్వరణం ఇంధనాన్ని వెనకున్న ఇంజను వైపే తోస్తుంది.

పీడనం తట్టుకోవడం మాత్రం ఎంపికకు గీటురాయి కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది. కార్బ్యురేటరు కారులో ఏడు పౌన్లు, ఇంజెక్షన్ కారులో నలభై నుంచి అరవై, మెకానికల్ ఇంజెక్షన్‌తో మిథనాల్ తాగే కారులో నూరు దాటవచ్చు. చవక రకాలను పక్కన పెడితే సరైన ఇంధన పైపు, సరైన హోస్, ఏదైనా దీనికి ఎన్నో రెట్లు తట్టుకునేదే. కాబట్టి షాపులో గర్వంగా చూపించే పగులు పీడనం అంకెల మీద కొనుగోలు తేల్చుకోవడం వృథా. పంపుకు ముందు, ట్యాంకు వైపు ఉన్న భాగంలో కష్టం ఇంకోలా ఉంటుంది. అక్కడ లాగుడు. మెత్తని రబ్బరు హోస్ లోపలికి నొక్కుకుపోతుంది. దారి ఇరుకైతే పెట్రోల్లోని తేలిక భాగాలు పంపు గొంతులోనే ఆవిరై, పంపు ద్రవానికి బదులు బుడగలు తోడుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటిన రోజున, పెట్రోల్లో 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలయ్యే భాగాలు ఉంటాయన్నది గుర్తుంచుకుంటే, లాగుడు వైపు పైపును ఒక సైజు పెద్దగా ఎందుకు వేస్తారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి, ఇంధనానికి వద్దాం. పెట్రోలు లోహాల విషయంలో సాధువులాంటిది. అల్యూమినియాన్ని గానీ స్టీలును గానీ పెద్దగా ఏమీ చేయదు. మిథనాల్ అలా కాదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ కలిసిన మిథనాల్ అల్యూమినియాన్ని గుంటలు పడేలా తింటుంది. వేడెక్కిన పొడి మిథనాల్ కూడా అల్యూమినియంతో చర్య జరుపుతుంది. జింకు పూత పూసిన స్టీలు పైపులో ఆ పూత కరిగి ఇంధనంలో కలుస్తుంది. ఒక సీజన్ అయ్యాక కడగకుండా వదిలేసిన మిథనాల్ కారు పైపును మళ్లీ సీజన్ మొదట్లో విప్పి చూస్తే, నట్టు లోపల తెల్లటి పొడో, వేలికి జిగటగా అంటుకునే జిగురో కనిపిస్తుంది. గుండుసూది మొన లాంటి నాజిల్ రంధ్రాన్ని మూసేయడానికి ఆ జిగురు చాలు. ఒక్క సిలిండరుకు ఇంధనం తగ్గిందంటే ఆ సిలిండరు పిస్టన్ కరిగిపోతుంది. ఈ పైపులు అరిగేది పరుగు తీసే పది సెకన్లలో కాదు, షెడ్డులో నిలబడి ఉన్న నెలల్లో. అందుకే మిథనాల్ వాడేవాళ్లు సాయంత్రం ఇంటికెళ్లేముందు దాన్ని పూర్తిగా దించేసి, పైపుల్లో కాస్త పెట్రోలు పారించి కడుగుతారు. ఆ అలవాటు లేని కారుకు ఎంత మంచి పదార్థం వేసినా దాని ఆయుష్షు సగమే.

రబ్బరు విషయంలో చిక్కు ఇంకా లోతుగా ఉంది. పెట్రోలుకు బాగా నిలిచే నైట్రైల్ రబ్బరు, పెట్రోలూ ఆల్కహాలూ కలిసిన మిశ్రమంలో రెండింటిలో దేనిలోనూ ఉబ్బనంతగా ఉబ్బుతుంది. ఖరీదైన వైటాన్ రబ్బరు ఇంధన సీళ్లకు మారుపేరు, అయినా దాని మామూలు రకం స్వచ్ఛమైన మిథనాల్‌లో వాచిపోతుంది. మిథనాల్‌కు నిలిచే ఈపీడీఎం రబ్బరేమో పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది. మిథనాల్ దించి పెట్రోలుతో కడిగే అలవాటుకు అదొక అడ్డు. నైట్రోమిథేన్ వైటాన్‌నూ నైట్రైల్‌నూ కూడా వదలదు. ఇన్ని చిక్కుల మధ్య ఏ ఇంధనానికీ తలవంచని లోపలి పొర టెఫ్లాన్ ఒక్కటే. 1938లో డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ చేతికి అనుకోకుండా చిక్కిన ఈ పదార్థం పెట్రోలు, ఇథనాల్, మిథనాల్, నైట్రో అన్నిటినీ ఒకేలా చూస్తుంది, 260 డిగ్రీల వేడి దాకా నిలుస్తుంది. రబ్బరు లోపలి పొర ఉన్న స్టీలు అల్లిక హోస్ కొన్నాళ్లకు గ్యారేజీ నిండా పెట్రోలు వాసన నింపుతుంది, ఎందుకంటే ఆవిరి రబ్బరు గుండా మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. టెఫ్లాన్‌లో అది చాలా తక్కువ. అయితే దీనికీ ఒక గుట్టు ఉంది. టెఫ్లాన్ విద్యుత్తును ప్రవహించనివ్వదు. లోపల వేగంగా పారే ఇంధనం రాపిడికి స్థిర విద్యుత్తు పోగుపడి, గోడను చీల్చుకుని బయటి స్టీలు అల్లికలోకి దూకితే, కంటికి కనిపించని సూది రంధ్రం పడుతుంది. అందుకే ఇంధనానికి వాడే టెఫ్లాన్ హోస్ లోపలి గోడలో నల్లటి కార్బన్ కలుపుతారు. కొనేటప్పుడు కోసిన చివరను వెలుతురులో చూడండి. లోపల పాలతెలుపుగా ఉంటే అది బ్రేకులకు పనికి రావచ్చు, ఇంధనానికి తీసుకోకండి.

ఇక గట్టి పైపులు. అల్యూమినియం చుట్టలుగా దొరుకుతుంది, మోకాలి మీద పెట్టి వంచవచ్చు, తేలిక. తేలిక అన్న మాట డ్రాగ్ రేసులో మంత్రంలా పనిచేస్తుంది కాబట్టి ఒకసారి తూచి చూద్దాం. అర అంగుళం పైపు, గోడ మందం 0.035 అంగుళం అనుకుంటే, అల్యూమినియం మీటరుకు సుమారు 90 గ్రాములు, స్టెయిన్‌లెస్ 260 గ్రాములు. నాలుగు మీటర్ల దారికి తేడా 700 గ్రాములు. పావు మైలులో నూరు పౌన్ల బరువు తగ్గితే సెకనులో పదో వంతు కలిసొస్తుందని రేసర్లు వేసుకునే లెక్క ప్రకారం, ఈ 700 గ్రాములతో మిగిలేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త పైన. డ్రైవరు కాళ్లకున్న బూట్లు మార్చినా అంత తేడా వస్తుంది. కాబట్టి అల్యూమినియాన్ని ఎంచుకుంటే వంచడానికి వీలు కోసం ఎంచుకోవాలి, బరువు కోసం కాదు. దాని అసలు బలహీనత అలసట. స్టీలుకు ఒక హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు కంపించినా పగలని గుణం ఉంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ఎంత చిన్న కంపనమైనా లెక్కలో చేరుతూనే ఉంటుంది. దగ్గర దగ్గర క్లిప్పులు వేసి కదలకుండా పట్టిన అల్యూమినియం పైపు పెట్రోలు కారులో ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక చివర ఛాసిస్‌కూ ఇంకో చివర ఇంజనుకూ బిగిస్తే మాత్రం, సరిగ్గా నట్టు వెనకే వెంట్రుక లాంటి చీలిక పుడుతుంది. మిథనాల్‌కు అల్యూమినియం ఫిట్టింగులు అనోడైజ్ పూతతో కొంతకాలం నిలుస్తాయి. చుట్టగా వచ్చే పైపు లోపలికి ఆ పూత ఉండదు, కాబట్టి అక్కడ స్టెయిన్‌లెస్‌దే పైచేయి. స్టెయిన్‌లెస్ మొండిది. వంచడానికి యంత్రం కావాలి, ఫిట్టింగు కూర్చునేలా చివరను గరాటులా విప్పేటప్పుడు ఓపిక కావాలి, అతుకు ఉన్న పైపైతే ఆ అతుకు దగ్గరే చీలుతుంది. ఒకసారి కుదిరాక మళ్లీ దానివైపు చూడక్కర్లేదు. ఏసీ మెకానిక్కు దగ్గర సులువుగా దొరుకుతుందని రాగి పైపు వేసేవాళ్లూ ఉన్నారు. రాగి కంపనానికి బిరుసెక్కి పగులుతుంది, పైగా పెట్రోలు జిగురెక్కడాన్ని తొందర చేస్తుంది. రేసు కారులో దానికి చోటు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. అమెరికాలో 1951 నుంచి ఈ పోటీలను నడిపిస్తున్న ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాలు స్టీలు అల్లిక హోస్‌ను లోహపు పైపుతో సమానంగా ఒప్పుకుంటాయి కదా, ట్యాంకు నుంచి ఇంజను దాకా అదొక్కటే లాగేస్తే వంచే పనీ చివరలు విప్పే పనీ తప్పుతుంది కదా అని. ఈ వాదనలో నిజముంది. ఆ నియమాల ప్రకారం కంపెనీ నుంచి వచ్చినవి కాని ఇంధన పైపులన్నీ లోహంవో, స్టీలు అల్లికవో, వాళ్లు ఆమోదించిన నేత హోసులో అయి ఉండాలి. మామూలు హోస్ అంటారా, కారు మొత్తం మీద కలుపుళ్ల కోసం పన్నెండు అంగుళాలకు మించకూడదు. కానీ నియమం కనీసపు గీత మాత్రమే. స్టీలు అల్లిక బయటి నుంచి కొట్టే దెబ్బను ఆపుతుంది, లోపలి రబ్బరు ఎండి చిట్లడాన్ని ఆపలేదు, పైగా కంటికి కనిపించకుండా కప్పేస్తుంది. నాలుగు మీటర్ల రబ్బరు పొరంటే నాలుగు మీటర్ల మేర ముసలితనం. ఇంకో ఇబ్బంది, ఆ అల్లిక ఆకురాయి లాంటిది. ఛాసిస్ అంచుకో వైరింగుకో ఆనుకుని కంపిస్తూ ఉంటే అల్యూమినియాన్నీ వైరు తొడుగునూ కోసుకుంటూ పోతుంది. ఎక్కడైతే ఏమీ కదలదో, అక్కడ వంగే గొట్టం అవసరం ఎందుకన్నదే నా ప్రశ్న. తిన్నగా సాగే ఛాసిస్ దారిలో గట్టి లోహపు పైపు, కదిలే రెండు చివర్లలో మాత్రం చిన్న చిన్న అల్లిక హోసులు. ఇలా చేస్తే మార్చాల్సిన రబ్బరు మీటరు లోపలికి వస్తుంది, పైపు లోపలి గోడ నున్నగా ఉండి ఇంధనానికి దారి సాఫీగా ఉంటుంది.

రెండో అభ్యంతరం నైలాన్ తరఫున వస్తుంది. రోడ్ల మీద తిరిగే కొత్త కార్లలో చాలావాటికి కంపెనీలే నైలాన్ పైపులు వేస్తున్నాయి, కోట్ల కార్లకు సరిపోయింది రేసు కారుకు సరిపోదా అని అడుగుతారు. కంపెనీ కారులో ఆ పైపు దారిని ఇంజనీర్లు ఏళ్ల తరబడి పరీక్షించి, వేడికి దూరంగా, తొడుగుల చాటున నడిపిస్తారు. ఆ కారు ఇంజను అడుగు నుంచి పళ్లచక్రాల ముక్కలు ఎగిరే అవకాశం దాదాపు లేదు. నైలాన్ 12 కరిగేది సుమారు 178 డిగ్రీల దగ్గర. ఎగ్జాస్టు హెడరుకు జానెడు దూరంలో ఆ అంకె ఏమంత భరోసా ఇవ్వదు. నైలాన్ చెడ్డ పదార్థం కాదు, తన చోట తాను బాగా పనిచేస్తుంది. రేసు కారు ఆ చోటు కాదు.

ఆ ఎగిరే ముక్కల మాట ఊరికే అనలేదు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డ్రాగ్ రేసరు డాన్ గార్లిట్స్ కారు గేరుబాక్సు బయల్దేరే గీత దగ్గరే పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. అప్పటిదాకా చాలా డ్రాగ్‌స్టర్లలో ఇంజను ముందు, డ్రైవరు వెనక. గార్లిట్స్ ఆసుపత్రి నుంచి వచ్చి ఇంజనును డ్రైవరు వెనక్కి తెచ్చిన కారు కట్టి, 1971లో గెలిచి చూపించాక క్రీడ రూపమే మారింది. పైపు విషయంలో ఆ సంఘటన చెప్పేది ఏమంటే, క్లచ్చూ ఫ్లైవీలూ ఉన్న ప్రాంతం బాంబు పక్కన ఉన్నట్టే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం అక్కడ అల్లిక లేని పైపును పదహారు అంగుళాల పొడవున, కనీసం ఎనిమిదో వంతు అంగుళం మందం ఉన్న స్టీలు గొట్టంలో దాచమంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు సొరంగంలోంచి ఇంధన పైపును పోనివ్వదు. అక్కడ షాఫ్టు విరిగి తిరిగితే ఏ పదార్థమైనా ఒకటే. ఛాసిస్ రెయిల్ వెలుపలగా, ఫ్లైవీలు తిరిగే వరసకు దూరంగా నడిపిన సాదా స్టీలు పైపు, ఆ వరసలో నుంచి పోయే ఖరీదైన టెఫ్లాన్ అల్లిక హోస్ కన్నా క్షేమం. మిథనాల్ కారులో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. కాలుతున్న కారు చుట్టూ గాలి తెరలా వణకడం తప్ప మరో గుర్తు ఉండదు.

పదార్థం గురించి ఇంత మాట్లాడినా, ఇంధనం కారేది చాలావరకు కీళ్ల దగ్గర. రేసు ఫిట్టింగులు సైనిక విమానాల నుంచి వచ్చిన ఏఎన్ వరస. వాటి సంఖ్య అంగుళంలో పదహారో వంతుల లెక్క, ఆరు అంటే మూడు ఎనిమిదోవంతులు, ఎనిమిది అంటే అర అంగుళం. వీటి కూర్చునే వాలు 37 డిగ్రీలు. మామూలు కారు బ్రేకు పైపుల చివరలు విప్పేది 45 డిగ్రీలకు. రెండూ చేతిలో ఒకేలా కనిపిస్తాయి, మరలు కొన్ని సైజుల్లో ఒకదానికొకటి పడతాయి కూడా. 45కు విప్పిన చివరను 37 వాలు మీద బిగిస్తే అది సన్నని గీత మీదే ఆనుతుంది. ఆ రోజుకు కారదు. నాలుగు పరుగుల కంపనం తిన్నాక నట్టు కింద తడి మెరుస్తుంది. తడి చూసి ఇంకాస్త బిగిస్తారు, ఆ బిగింపుకు మెత్తటి అల్యూమినియం చివర పలచబడి చీలుతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్లడం అంటే ఇదే. స్టెయిన్‌లెస్ పైపుకు 37 డిగ్రీల ఒంటి మడత, వెనక ఒక స్లీవు, నట్టు. ఇంతే సరైన పద్ధతి. బ్రేకు పైపులా రెండు మడతలు వేయబోతే అది పగులుతుంది. అల్లిక హోస్ కోసేటప్పుడు కోసే చోట టేపు గట్టిగా చుట్టి, పదునైన చక్రంతో ఒక్కసారిగా కోయాలి. పోగు విడిపోయి ఒక్క తీగ లోపలికి వంగినా ఫిట్టింగు బిగించేటప్పుడు లోపలి పొరను గుచ్చుతుంది. టెఫ్లాన్ హోస్‌కు దాని సొంత ఫిట్టింగే వేయాలి, రబ్బరు హోస్ ఫిట్టింగు పట్టినట్టు కనిపించి పీడనం రాగానే జారిపోతుంది.

మన దగ్గర ఈ ప్రశ్న కొత్త రూపంలో ముందుకొచ్చింది. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే పోటీల్లోనైనా, దేశ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఆధ్వర్యంలో నడిచే డ్రాగ్ పోటీల్లోనైనా కొందరు పరుగెత్తించేది మార్పులు చేసుకున్న రోడ్డు కార్లనే. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతా వ్యాపించింది. 2023కు ముందు తయారైన కారులోని రబ్బరు హోసులు చాలావరకు దానికోసం చేసినవి కావు. మిశ్రమమే రబ్బరుకు ఎక్కువ శత్రువు అన్న పై మాట ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. అంటే రేసు ఇంధనం వాడనివాళ్లకు కూడా పైపు ప్రశ్న తప్పదు.

నా తీర్పు ఇది. పెట్రోలు కారుకు ఛాసిస్ వెంట అల్యూమినియమో స్టీలో, క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య జానెడు మించకుండా. మిథనాల్‌కూ ఎక్కువ ఇథనాల్ ఉన్న ఇంధనాలకూ స్టెయిన్‌లెస్. రెండు చివరా కార్బన్ పొర ఉన్న టెఫ్లాన్ అల్లిక హోస్. డబ్బు చాలకపోతే ఆ చివరి హోసుల మీద పెట్టి, పెట్రోలు కారైతే ఛాసిస్ పైపును సాదా స్టీలుతో సరిపెట్టుకోండి. రబ్బరు పొర ఉన్న హోస్ తప్పనిసరైతే దాని మీద అచ్చువేసిన తయారీ తేదీ చదివి, కొన్న రోజు కూడా ఎక్కడైనా రాసిపెట్టుకోండి. పోటీకి ముందు రోజు ఇంజను ఆపి, పంపు ఒక్కటే ఐదు నిమిషాలు నడిపి, ప్రతి నట్టు చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూడండి. ఒక్క కాగితం తడిసినా ఆ కారు ట్రెయిలరు ఎక్కకూడదు.